కాగితం ఫైలా, కంప్యూటర్ రికార్డా: రోగి వివరాలు ఎక్కడ భద్రం?

కాగితం ఫైలు కాజేయాలంటే మనిషి రికార్డు గది దాకా రావాలి. వచ్చినా ఎన్నని మోసుకెళ్తాడు? కంప్యూటర్‌కు ఆ అడ్డు లేదు. 2018లో సింగపూర్‌లో సింగ్‌హెల్త్ అనే ఆసుపత్రుల సంస్థ డేటాబేస్‌లోకి చొరబడినవాళ్లు దాదాపు 15 లక్షల మంది వివరాలు పట్టుకుపోయారు. అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ వాడిన మందుల సమాచారం కూడా అందులో ఉంది.

ఇక్కడితో ఆపేస్తే కాగితమే నయం. కానీ గుట్టు రట్టు చేసేది బయటి దొంగలే కాదు, లోపలివాళ్ల కుతూహలం కూడా. చేరిన పేషెంట్ పేరున్న నటుడో, తెలిసినవాళ్ల అమ్మాయో అయితే వైద్యంతో సంబంధం లేని ఉద్యోగికీ ఓసారి చూద్దామనిపిస్తుంది. కౌంటర్ మీద పడి ఉన్న ఫైలు తిరగేస్తే ఆనవాలు మిగలదు. పైగా జ్వరం సంగతి చూడబోతే పక్క పేజీలో హెచ్‌ఐవీ రిపోర్టూ కనిపిస్తుంది. కంప్యూటర్‌లో ఆ రిపోర్టును చికిత్స చేసే డాక్టర్‌కే పరిమితం చేయొచ్చు. ఎవరి లాగిన్‌తో, ఎన్ని గంటలకు, ఏది తెరిచారో నమోదవుతుంది కూడా.

అందుకే నా ఓటు కంప్యూటర్‌కే, కాస్త మెలికతో. మానిటర్ అంచున పాస్‌వర్డ్ రాసిన చీటీ అంటించి, వార్డంతా ఒకే లాగిన్ వాడితే ఆ నమోదు ఉన్నా లేనట్టే. ఎవరి లాగిన్ వాళ్లకుండాలి, ఆ నమోదులను ఎవరో ఒకరు క్రమంగా చూడాలి.

వెయిటింగ్ హాలంతా వినబడేలా పేరు పిలిచి జబ్బేంటని అడిగే రిసెప్షన్ ఉంటే మాత్రం, రికార్డు ఎందులో ఉన్నా ఒకటే.