అత్తయ్య, 22 అక్షరాలు, జెరూసలేంలో ఐదు రాత్రులు

బెన్ గురియన్ విమానాశ్రయంలో దిగాక నేను పలికిన మొదటి హీబ్రూ మాట నన్ను నేరుగా బాత్రూముకి పంపింది. అక్కడి నుంచి జెరూసలేంకి మనుషులు నిండగానే కదిలే షేర్ వ్యాన్లు ఉంటాయి, వాటిని షెరుత్ అంటారు. ఒకటి కాదు, చాలా ఉంటాయి కదా అని నా తెలివంతా వాడి బహువచనం చేసి, "షెరూతీమ్?" అని ఒకాయన్ని అడిగాను. ఆయన చాలా మర్యాదగా టాయిలెట్ల వైపు చెయ్యి చూపించాడు. షెరుత్ అంటే సేవ. షెరూతీమ్ అంటే సేవలు. ఆ సేవలన్నమాట! అత్తయ్య నవ్వి నవ్వి సూట్‌కేసు మీద కూర్చుండిపోయింది.

ఇది 2019 డిసెంబరు మొదటి వారం. ఢిల్లీ నుంచి ఎయిరిండియా నేరుగా టెల్ అవీవ్ వెళ్తుండేది. అత్తయ్య తెనాలిలో టీచర్‌గా రిటైరైంది. చిన్నప్పటి నుంచీ చర్చి, బైబిలు. మా ఆయనకి సెలవు దొరకలేదు, తోడు నేను వెళ్లాను. నేను పుట్టింది వేరే మతంలో, పైగా శాకాహారిని. అందుకే మా ఇద్దరి ప్రశ్నలూ వేరువేరుగా ఉండేవి. ప్యాకేజీ టూర్ వద్దనుకున్నాం. చాలా గుంపుల్ని బెత్లెహేములో దింపి, పొద్దున్నే బస్సెక్కించి, సాయంత్రానికి వెనక్కి తెచ్చేస్తారు. "చూసొచ్చామంటే చూసొచ్చాం అన్నట్టుంటుంది, అలా నాకొద్దమ్మాయ్" అంది.

ముందుగా ఒక చీటీ సంగతి. ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, ఫోటో ఉన్న చిన్న నీలం కాగితం ఇస్తారు. అది పారేయకండి. విదేశీ టూరిస్టులకి హోటల్ గది మీద వ్యాట్ ఉండదు. మేం వెళ్లినప్పుడు అది 17 శాతం. ఆ చీటీ చూపిస్తే భోజనాల ఖర్చు మిగులుతుంది.

మొదటి రెండు రాత్రులు పాత నగరం లోపల, జాఫా గేటుకి దగ్గర్లో యాత్రికుల గెస్ట్‌హౌస్‌లో దిగాం. పేరు చెప్పను. యేసు సమాధి ఉందని నమ్మే పునరుత్థాన మందిరం ఐదు నిమిషాల నడక, వేకువనే జనం లేనప్పుడు వెళ్లి కూర్చోవచ్చు. అంతవరకు బంగారం. కానీ పాత నగరంలో కారు రాని సందులే ఎక్కువ. రాతిమెట్ల మీద రెండు సూట్‌కేసులు రాత్రిపూట ఈడ్చుకుంటూ వెళ్లిన నాకు తెలుసు ఆ బాధ. డిసెంబరు రాత్రుల్లో అక్కడ గట్టి చలి. హీటర్ పదింటికి ఆపేసేవారు. అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లని అక్కడ దింపకండి, పగలు చూసి రావడం మేలు.

పడమటి గోడకి బుధవారం వెళ్లాం. హీబ్రూలో కోతెల్ అంటారు, అంటే గోడే. చాలామంది అనుకున్నట్టు అది దేవాలయం గోడ కాదు. దేవాలయం ఉన్న కొండ చుట్టూ హేరోదు రాజు కట్టించిన ప్రహరీలో మిగిలిన భాగం. దేవాలయాన్ని రోమన్లు క్రీ.శ. 70లో కూల్చేశారు. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరు వేరు భాగాలు. ఆడవాళ్ల వైపు ఇరుకు. ప్రార్థన అయ్యాక చాలామంది వెనక్కి తిరగకుండా, గోడవైపే చూస్తూ వెనకడుగు వేస్తూ వస్తారు. మా వెనక నుంచి అలా వస్తున్న ఒకామె అత్తయ్య కాలు తొక్కి "స్లిహా, స్లిహా" అంది. క్షమించమని. ఆ మాట అలా వచ్చేసింది, మళ్లీ మర్చిపోలేదు. రాళ్ల సందుల్లో జనం కుక్కిన కోరికల చీటీలని ఏడాదికి రెండుసార్లు తీసి, ఒలీవల కొండ మీద పాతిపెడతారు. దేవుడి పేరున్న కాగితాన్ని వాళ్లు చెత్తలో వేయరు.

ఆ దేవుడి పేరు దగ్గరే మాకు చిన్న ఇబ్బంది ఎదురైంది. చౌకులో బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ ఇండియా అనగానే ఆప్యాయంగా మాట కలిపింది. అత్తయ్య తన ఇంగ్లీషులో, మేమూ మీ యెహోవానే ఆరాధిస్తాం అంది. ఆవిడ ముఖం ఒక్క క్షణం ముడుచుకుంది. కోపం కాదు. "మేం ఆ పేరు పలకం. హషేమ్ అంటాం" అంది నెమ్మదిగా. హషేమ్ అంటే 'ఆ పేరు' అని. ప్రార్థనలో అయితే అదోనాయ్, అంటే ప్రభువు అని చదువుతారు. రాసి ఉండేది నాలుగు హల్లులు. చదివేవాడికి గుర్తుండాలని వాటికి అదోనాయ్ అచ్చుల గుర్తులు పెట్టారు, అవీ ఇవీ కలిపి చదివితే వచ్చిన రూపమే మన బైబిల్లో కనిపించే యెహోవా. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ చచ్చేదాకా మా నాన్న పేరు పలకలేదు. రేషన్ కార్డు వాడు అడిగినా మమ్మల్నే చెప్పమనేది. ఇదీ అంతేలే" అంది. దీన్ని నాకు ఇంతకన్నా బాగా ఎవరూ వివరించలేదు.

గురువారం జాఫా వీధిలో, ట్రామ్ లైను పక్కనున్న కోషర్ హోటల్‌కి, అంటే యూదుల ఆహార నియమాలు పాటించే హోటల్‌కి మారాం. రాత్రికి గెస్ట్‌హౌస్ కంటే దాదాపు రెట్టింపు. అయినా ట్రామ్ గుమ్మం ముందు ఆగుతుంది, టికెట్ అప్పుడు 5.90 షెకెళ్లు, మన లెక్కలో 120 రూపాయలు. గంటన్నర లోపల బస్సు మారినా అదే టికెట్. రావ్-కావ్ అనే ప్రయాణ కార్డు తీసుకుంటే సరిపోతుంది.

గది గుమ్మానికి కుడివైపు కొంచెం వాలుగా ఒక చిన్న గొట్టం. మెజూజా. లోపల చేత్తో రాసిన తోలు పత్రం ఉంటుంది, ద్వితీయోపదేశకాండంలోని "ఇశ్రాయేలూ వినుము" భాగం. బయట ఒకే అక్షరం, మూడు కొమ్మలతో. నేను ఫోన్ యాప్‌లో నేర్చుకుంటున్న అక్షరాల్లో అదొకటి. "షీన్" అన్నాను. అత్తయ్య చటుక్కున, "119వ కీర్తనలో షీనా?" అంది. నాకర్థం కాలేదు. సంచిలోంచి తన తెలుగు బైబిలు తీసి చూపించింది. 119వ కీర్తనలో ప్రతి ఎనిమిది వచనాలకీ ముందు ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని ఉంటుంది. హీబ్రూలో ఆ ఎనిమిది వచనాలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. యాభై ఏళ్లుగా ఆమె ఆ పేర్లు వరసగా చదువుతూనే ఉంది, ఏ రాగం పేర్లో అనుకుని. ఆమెకి 22 పేర్లూ వరసతో సహా నోటికొచ్చు. నాకు ఆకారాలు వచ్చు, వరస రాదు. ఆ రాత్రి నా నోట్‌బుక్కులో ఆమె పేరు చెప్తే నేను బొమ్మ వేశాను.

కొత్తవాళ్లకి హీబ్రూ కష్టమా అంటే, అక్షరాలు కాదు, అచ్చులు కష్టం. ఉన్నవన్నీ హల్లులే. అచ్చులకి చుక్కలూ గీతలూ ఉన్నాయి, కానీ అవి పిల్లల పుస్తకాల్లో, ప్రార్థన పుస్తకాల్లో, కవిత్వంలో మాత్రమే వేస్తారు. పేపర్లో, బోర్డు మీద ఉండవు. గుణింతం తీసేసిన తెలుగు ఊహించుకోండి, 'కమల', 'కోమలి' రెండూ 'కమల' అయిపోతాయి. కుడి నుంచి ఎడమకి చదవాలి, అంకెలు మాత్రం మనలాగే. బేత్, కాఫ్ ఒకేలా ఉంటాయి, దాలెత్, రేష్ కూడా. మన పిల్లలు ప, వ దగ్గర తికమక పడినట్టే. ఒకసారి ధాతువు పట్టుకుంటే మాత్రం సరదాగా ఉంటుంది. స-ఫ-ర అనే మూడు హల్లుల నుంచి సేఫెర్ పుస్తకం, సిపూర్ కథ, సిఫ్రియా లైబ్రరీ, సోఫెర్ లేఖకుడు. ఇంకోటి: మనం 'మాట్లాడుతున్నాను' అంటే ఆడో మగో తెలియదు. అక్కడ మగవాడు 'మెదబేర్' అనాలి, నేను 'మెదబెరెత్' అనాలి. యాప్‌లో మగ గొంతు విని నేర్చుకున్న నేను మొదటి రెండు రోజులూ మగవాడిలా మాట్లాడానట. కూరగాయల కొట్టతను నవ్వాపుకుంటూ సరిచేశాడు.

బైబిలు భాషే ఇప్పుడు మాట్లాడుతున్నారా అని అత్తయ్య అడిగింది. మధ్యలో చాలా శతాబ్దాలు అది ప్రార్థనకి, రాతకి మాత్రమే మిగిలింది. ఇళ్లలో యిద్దిష్, లడీనో, అరబిక్ లాంటివి. 1881లో ఇక్కడికొచ్చిన ఎలియెజెర్ బెన్ యెహూదా తన ఇంట్లో హీబ్రూ తప్ప ఇంకో భాష వినిపించకూడదని పట్టుబట్టాడు, లేని మాటల్ని పుట్టించాడు. ఆయన పేరున్న వీధి మా హోటల్ పక్కనే. ఐస్‌క్రీముల, టీషర్టుల బజారు. ఐస్‌క్రీముకి 'గ్లీదా' అనే మాట కూడా అప్పటిదే కాబట్టి, అన్యాయమేమీ లేదు.

తిండి విషయం నాలాంటి వాళ్ల కోసం కొంచెం వివరంగా. కోషర్ అంటే పంది, రొయ్యలు లేవు అనే కాదు, పాలూ మాంసమూ కలవకూడదు. వంటిల్లూ గిన్నెలూ కూడా వేరు. కాబట్టి హోటల్ బ్రేక్‌ఫాస్ట్ పూర్తిగా పాలదే: చీజులు, పెరుగు, సలాడ్లు, గుడ్లు, పక్కన చేపలు. మాంసం వాసన కూడా ఉండదు. విదేశాల్లో నేను ఇంత నిశ్చింతగా ఎక్కడా తినలేదు. బయట హోటళ్లలో గోడకి కోషర్ సర్టిఫికెట్ ఉంటుంది. అందులో 'హలవీ' ఉంటే పాలది, 'బసరీ' ఉంటే మాంసానిది. చాలాచోట్ల అది హీబ్రూలోనే ఉంటుంది. మొదటి అక్షరం హేత్ అయితే లోపలికి వెళ్లేదాన్ని, బేత్ అయితే పక్క కొట్టుకి. వీధుల పేర్లు ఇంగ్లీషులోనూ ఉంటాయి కాబట్టి నా అక్షరాభ్యాసం నిజంగా అక్కరకొచ్చింది ఇక్కడే. 'పారెవె' అన్నది మాత్రం చూసి మోసపోకండి, అంటే పాలూ మాంసమూ కానిది. గుడ్డు, చేప అందులోకే వస్తాయి.

మహానే యెహూదా మార్కెట్లో సబీహ్ తినండి. రొట్టెలో వేయించిన వంకాయ, ఉడికిన గుడ్డు, పైన 'అంబా' అనే పసుపురంగు మామిడి పులుసు. ఇరాక్ యూదుల వంట. అంబా వాళ్లకి మన బొంబాయి నుంచే వెళ్లింది, పేరు కూడా. అత్తయ్య రుచి చూసి, "మెంతి బాగానే పడింది. కారం వెయ్యడం మర్చిపోయారు" అని తీర్పు చెప్పింది.

ఇజ్రాయెల్ మ్యూజియానికి పూట సరిపోదు, రోజు కేటాయించండి. మృతసముద్రపు చుట్టల కోసం, అంటే ఆ సముద్రం దగ్గర దొరికిన పాతకాలపు బైబిలు రాతప్రతుల కోసం వెళ్లాం. ఏడు మీటర్లు దాటిన యెషయా చుట్ట చూపించే చోట పెట్టింది నకలేనని తెలిసి అత్తయ్య కొంచెం నిరుత్సాహపడింది. మ్యూజియం లోపలే నాలుగు దేశాల సినగాగులు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అందులో ఒకటి కొచ్చిలోని కడవుంబాగం సినగాగ్, 16వ శతాబ్దానిది. తలెత్తి చూస్తే చెక్కపైకప్పు నిండా పద్మాలు. ఇటలీ, జర్మనీ, సూరినామ్ గదులు గబగబా దాటిన అత్తయ్య ఇక్కడ బెంచీ మీద అరగంట కూర్చుంది.

ఇక శుక్రవారం. ఈ ఒక్క రోజు గురించి ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మనకి సూర్యోదయంతో కదా అంటే, "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను, ఆదికాండం" అని అత్తయ్య అందుకుంది. అలా వాళ్ల వారపు విశ్రాంతి దినం, శబ్బాతు, శుక్రవారం సాయంత్రమే మొదలవుతుంది. జెరూసలేంలో అస్తమయానికి 40 నిమిషాల ముందు సైరన్ మోగుతుంది, దీపాలు వెలిగించే వేళ. డిసెంబరులో అది నాలుగు కాకముందే. మార్కెట్లో మధ్యాహ్నం రెండింటికి తోపులాట, మూడింటికి షట్టర్లు, సైరన్ మోగేసరికి ట్రామ్ పట్టాల మీద పిల్లలు నడుస్తున్నారు.

కింగ్ జార్జ్ వీధిలోని గ్రేట్ సినగాగ్‌కి వెళ్లాం. ఆడవాళ్లు పై గ్యాలరీలో. ఫోన్ బయటకి తీయకూడదు, ఫోటో అసలే వద్దు. కొత్తవాళ్లని ఎవరూ ఏమీ అనరు. ఒక పాట చివరి చరణంలో అందరూ ద్వారం వైపు తిరిగారు, శబ్బాతుని పెళ్లికూతురిలా ఆహ్వానిస్తూ. కింద ఒక చిన్న పిల్లాడు తిరగడం మర్చిపోతే తండ్రి భుజం పట్టుకుని తిప్పాడు.

హోటల్‌కి వచ్చేసరికి ఆకలి. డైనింగ్ హాల్లో బల్లల మీద తెల్లటి గుడ్డలు, దీపాలు, పాటలు. మేం కార్డు తీస్తే రిసెప్షన్ అమ్మాయి చేతులు వెనక్కి తీసుకుంది. శబ్బాతులో డబ్బు తీసుకోరు, రాయరు. భోజనం మధ్యాహ్నమే బుక్ చేసి కట్టేయాలి. తప్పు మాదే, కానీ గది ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పొచ్చు. దమాస్కస్ గేటు దగ్గర అరబ్బుల హోటళ్లు తెరిచే ఉంటాయి, టాక్సీలో వెళ్లి హమ్మస్, ఫలాఫెల్ తిన్నాం. వెనక్కొచ్చాక లిఫ్టు. బటన్ నొక్కడం కూడా పనే కాబట్టి ఒక లిఫ్టు తనంతట తానే ప్రతి అంతస్తులో ఆగుతూ పోతుంది. మాది ఏడో అంతస్తు. ప్రతి తలుపు తెరుచుకున్నప్పుడూ అత్తయ్య బయట ఎవరూ లేని వరండాకి "శబ్బాత్ షాలోమ్" చెప్పింది.

శనివారం ఊరంతా నిద్ర. మళ్లీ వెళ్తే శుక్ర, శనివారాలు ఇక్కడే పెట్టుకుంటాను, దూరప్రయాణాలు మాత్రం పెట్టుకోను. ఆ ఖాళీలో అత్తయ్య తన అసలు ప్రశ్న అడిగింది: "వీళ్లలో ఎవరైనా చేరొచ్చా?" చేరొచ్చు, కానీ రమ్మని ఎవరూ పిలవరు. వచ్చిన వాళ్లని ముందు వెనక్కి పంపడమే ఆనవాయితీ. నెలలు, ఏళ్లు చదువుకుని, ముగ్గురు సభ్యుల మతన్యాయస్థానం ముందు నిలబడి, నీటిలో మునగాలి, మగవాళ్లకి సున్తీ కూడా. తల్లి యూదురాలైతే పిల్లలు యూదులే. మా గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం తెలుగులో మాట్లాడుతూ శబ్బాతు పాటిస్తుంది. తెనాలి నుంచి అంత దగ్గర. అత్తయ్య ఇన్నాళ్లూ వెళ్లలేదు. "ఇంత దూరం వచ్చాక తెలిసింది చూడు" అంది.

ఆదివారం అక్కడ వారానికి మొదటి పనిరోజు, పేరే 'యోమ్ రిషోన్', మొదటి రోజు. నేల కింద 80 మీటర్ల లోతున్న స్టేషన్‌కి ఎస్కలేటర్ మీద ఎస్కలేటర్ దిగి, బ్యాగులు, తుపాకులతో యూనిట్లకి వెళ్తున్న సైనిక పిల్లల మధ్య నిలబడి, అరగంట లోపే విమానాశ్రయం చేరాం. షెరుత్ కంటే రైలే వెయ్యి రెట్లు నయం, శబ్బాతు కాకుండా చూసుకోండి.

చెకిన్ అయ్యాక అత్తయ్య కనిపించలేదు. చూస్తే ఒక బోర్డు ముందు నిలబడి ఉంది, నా నోట్‌బుక్కు చేతిలో. "షీన్... యోద్... రేష్... వావ్... తౌ... యోద్..." అని కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతోంది. చివర్లో నాలుగువైపులా మూసేసిన డబ్బాలాంటి అక్షరం దగ్గర ఆగింది. "ఇది నువ్వు వేసిన వాటిల్లో లేదే."

"మేమ్ అత్తయ్యా. మాట చివరొస్తే అలా మూసేస్తారు. నేనే వేయలేదు."

పెదాలు కదుపుతూ మొదటి నుంచి మళ్లీ కూడబలుక్కుంది. హ్యాండ్‌బ్యాగు నా చేతిలో పెట్టి, "నువ్విక్కడే ఉండు. ఈ సేవలు నాకిప్పుడు కావాలి" అని లోపలికి వెళ్లిపోయింది.