పక్కవాళ్ల క్లాసుకి వెళ్లినప్పుడు ఆదుకున్న నడుము మైక్

నడుముకో మెడకో తగిలించుకునే చిన్న స్పీకర్, తల వెనక నుంచి పెట్టుకునే మైక్ కలిపి వచ్చే సెట్టు గురించి ఈ రివ్యూ. బళ్లు తెరిచిన కొత్తలో విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో 1,400 రూపాయలకి కొన్నాను. ఆన్‌లైన్‌లో కొంచెం తక్కువకే వస్తుంది, కానీ ఇది తలకి పెట్టుకుని, మాట్లాడి చూసి కొనాల్సిన వస్తువు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: సొంత క్లాసులో కంటే, సెలవు పెట్టిన టీచర్ బదులు వెళ్లే క్లాసులో దీని విలువ తెలుస్తుంది.

నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా క్లాసు పిల్లలకి నా పద్ధతి తెలుసు, నాకు వాళ్ల పేర్లు తెలుసు, అక్కడ పెద్దగా గొంతెత్తాల్సిన పని ఉండదు. అదే లెక్కల మాస్టారు సీఎల్ పెట్టిన రోజు "మేడం, మీకు లీజర్ కదా, నైన్త్ బి కాస్త చూడండి" అని హెచ్ఎం గారు చెప్పి పంపితే, గుమ్మంలో అడుగు పెట్టకముందే "గేమ్స్‌కి వదలండి మేడం" అని అరుపులు మొదలవుతాయి. భోజనం తర్వాత పీరియడ్, కిక్కిరిసిన గది, పైన ఫ్యాన్ల చప్పుడు, కిటికీ బయట బస్సుల హారన్లు. వెనక బెంచీలో అల్లరి చేసేవాడు కనబడుతూనే ఉంటాడు, పేరు తెలియదు. "ఏయ్, నువ్వే" అంటే నలుగురు లేచి "నేనా మేడం?" అంటారు.

పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొచ్చుకునేలా వేధించకూడదు అని 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తోంది. చట్టం లేకపోయినా నేను ఆ పని చేయను. ఇక మిగిలింది గొంతే, చాలామంది దాన్నే అరగదీసుకుంటున్నారు. ఇక్కడో చిక్కు ఉంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎత్యెన్ లొంబార్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లోనే దీని గురించి రాశాడు, ఆయన పేరుతోనే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. మనం అరిస్తే ఆ అరుపు మీదుగా పక్కవాడితో మాట్లాడటానికి పిల్లలు ఇంకాస్త గట్టిగా మాట్లాడతారు, దాని మీదుగా మళ్లీ మనం. ఆడవాళ్ల స్వర తంత్రులు మామూలుగా మాట్లాడేటప్పుడే సెకనుకి దాదాపు 200 సార్లు కంపిస్తాయి. అరిచినప్పుడు ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా ఒకదానికొకటి కొట్టుకుంటాయి. సాయంత్రానికి గొంతు బొంగురుపోవడం ఉద్యోగంలో భాగమే అనుకుని ఊరుకోవడం నాకు అస్సలు నచ్చదు.

ఈ మైక్‌తో చప్పుడు మీద గెలవచ్చని కొనేవాళ్లు మాత్రం నిరాశపడతారు. వాల్యూమ్ ఫుల్‌గా పెడితే పిల్లలు కూడా గొంతు పెంచుతారు, పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడతారు. సగం కంటే తక్కువ పెట్టి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాలి. అసలు లాభం ఇంకో చోట ఉంది: బోర్డు దగ్గరే నిలబడక్కర్లేదు. అల్లరి ఎక్కువున్న బెంచీ పక్కకి వెళ్లి నిలబడి, అక్కడి నుంచే ముందు బెంచీ దాకా వినిపించేలా లెక్క చదవొచ్చు. ఎవరినీ పేరు పెట్టి పిలవక్కర్లేదు, నిలదీయక్కర్లేదు, మనిషి పక్కన ఉంటే చాలు, ఆ బెంచీ సర్దుకుంటుంది. నేనైతే లోపలికి వెళ్లగానే ఏ పాఠం నడుస్తోందో లీడర్‌ని అడిగి, ఏమీ మాట్లాడకుండా బోర్డు మీద రెండు లెక్కలు రాసి, గది మధ్యకి వచ్చాకే మైక్ ఆన్ చేస్తాను.

కొత్తలో పిల్లలందరికీ దాని మీదే కన్ను, "హలో, మైక్ టెస్టింగ్" అని వెనక నుంచి కేకలు. ఆ సరదాని అణచడం కన్నా వాడుకోవడం మేలు. లెక్క చేసినవాళ్లు వచ్చి ఎలా చేశారో మైక్‌లో చెప్పాలన్నాను. అందరికంటే ఎక్కువ గోల చేసిన పిల్లాడే పక్కవాడిని అడిగి మరీ చేసుకుని వచ్చాడు, తడబడకుండా చెప్పాడు, క్లాసంతా విన్నది. నాకు చాలా సంతోషమేసింది. మైక్ చేతికిస్తాను కానీ తలకి పెట్టుకోనివ్వను. దాని స్పాంజి తొడుగు తీసి కడుక్కునే వీలుంది, ఆ పని అప్పుడప్పుడూ చేయాలి.

ఇక లోపాలు. మైక్ స్పీకర్‌కి దగ్గరైతే స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైక్‌లోకే వెళ్లి, తిరిగి పెరిగి, చెవులు గింగురుమనేలా కీచుమంటుంది. నోటు పుస్తకం చూడటానికి కిందికి వంగినప్పుడు ఇది ఖాయం, క్లాసంతా గొల్లున నవ్వుతుంది. స్పీకర్‌ని నడుముకి పక్కగా, ముఖం బయటికి ఉండేలా కట్టుకుని, వంగేటప్పుడు స్విచ్ ఆపడం అలవాటు చేసుకోవాలి. మైక్‌ని నోటికి ఎదురుగా కాకుండా పెదవుల మూల నుంచి రెండు వేళ్ల దూరంలో పెట్టుకోండి, లేకపోతే 'ఫ', 'భ' పలికినప్పుడల్లా గాలి తగిలి బుస్సుమంటుంది. జడలో పూలు పెట్టుకున్న రోజు బ్యాండ్ జారుతుంది, కళ్లజోడు ఉంటే చెవి మీద నొక్కుతుంది. మార్చి నుంచి ఇక్కడి ఎండలకి నడుము బెల్టు కింద చెమట సంగతి చెప్పక్కర్లేదు. బ్యాటరీ 12 గంటలు వస్తుందని డబ్బా మీద రాశారు, నాకు ఆరు గంటలకు మించి రాలేదు, రోజు గడపడానికి అది సరిపోతుంది. పాటలు, ఎఫ్ఎం అంటూ ఇచ్చినవి బళ్లో ఎవరికీ అవసరం లేదు.

గొంతు ఇప్పటికే వారాల తరబడి బొంగురుగా ఉన్నవాళ్లు దీన్ని మందు అనుకోవద్దు, ముందు ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. మిగతావాళ్లకి నేను గట్టిగా కొనమనే చెప్తాను. నిజానికి మన జేబులోంచి కాదు, స్టాఫ్ రూముకి ఒక్కటైనా బడే కొనిపెట్టాలి, ఎవరికి అడ్జస్ట్‌మెంట్, అంటే సెలవు పెట్టినవాళ్ల క్లాసు, పడితే వాళ్లు తీసుకెళ్తారు. కొనేటప్పుడు షాపులో వైరు స్పీకర్‌లోకి దిగే చోట అటూ ఇటూ కదిపి గరగర వస్తుందేమో చూడండి, ముందు పాడయ్యేది అదే. మైక్ విడిగా దొరుకుతుందా అని కూడా అడగండి, దొరకదంటే ఆ సెట్టు వద్దు.