పెరటి హద్దుకు గోడా, కడీలా, మైదాకా? ఏది మేలు?

పక్కింటివాళ్లతో పెరటి హద్దు దగ్గర మాట తేడా వస్తే చాలామంది ముందుగా మేస్త్రీని పిలుస్తారు. అంతకన్నా ముందు కావాల్సింది టేపు, రెండిళ్ల దస్తావేజులు. హద్దు తేలకుండా ఏం కట్టినా గొడవ ఆగదు.

హనుమకొండ, కాజీపేట దిక్కు లేఅవుట్ ప్లాట్లయితే లేఅవుట్ కాపీ ముందు పెట్టుకొని ఇద్దరూ కలిసి కొలుచుకోవచ్చు. ఊళ్లో గ్రామకంఠం (ఊరి నివాస జాగ) ఇండ్లకు అది కుదరదు. అక్కడ ఇంటింటికీ సర్వే నంబరు ఉండదు కాబట్టి కాగితంలో రాసిన నాలుగు దిక్కుల హద్దులు, పాత రాళ్లు, పెద్దమనుషుల మాటే ఆధారం. పట్టా భూమికైతే మీసేవలో ఎఫ్-లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టి సర్వేయరుతో కొలిపించుకోవచ్చు.

ఇక గోడ సంగతి. చాటు కావాలన్నా, కుక్కలూ పందులూ రాకూడదన్నా గోడను మించింది లేదు. కానీ పక్కింటి తగాదాలు ఎక్కువగా పుట్టేది దీని దగ్గరే, అదీ పునాదిలో. తొమ్మిది అంగుళాల గోడకు కింద రాతి పునాది సుమారు రెండడుగుల వెడల్పు తవ్వుతారు. గోడను సరిగ్గా హద్దుకు ఆనించి కడితే పైకి న్యాయంగానే కనిపిస్తుంది, కింద మాత్రం ఏడెనిమిది అంగుళాలు పక్కవాళ్ల జాగలోకి పోతుంది. రేపు వాళ్లు బోరు పైపు కోసమో, సంపు కోసమో తవ్వినప్పుడు అది బయటపడుతుంది. పైగా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. పునాది లోతుగా లేకపోతే గోడ ఒక పక్కకు ఒరుగుతుంది. నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 2023 జూలై వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు ఎట్లా మునిగాయో చూశాం. అడుగున తూములు వదలకుండా గోడ కడితే, పల్లానికి పోవాల్సిన వాన నీళ్లు ఎగువ ఇంటి పెరట్లోనే నిలుస్తాయి. అందుకే గోడే కావాలనుకుంటే పునాదితో సహా మన జాగలోనే కట్టాలి, లేదా ఖర్చు చెరిసగం అనుకొని ఉమ్మడి గోడగా కాగితం రాసుకోవాలి.

కడీలు (రాతి స్తంభాలు) పాతి ఇనుప జాలి కట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలు. రాతి కడీ తుప్పు పట్టదు, చెద పట్టదు. గుంత చిన్నది, నీళ్లకు అడ్డం లేదు, కొలతలో తేడా వస్తే పీకి జరపవచ్చు. మూల కడీలకు ఊతం పెట్టాలి, లేకపోతే జాలి లాగుడుకు వంగుతాయి. చాటు లేదని ఆడవాళ్లు ఇబ్బంది పడితే చిక్కుడో, కాకరో పాకిస్తే సరిపోతుంది. కోతులను మాత్రం ఆపదు. ఆ మాటకొస్తే గోడ కూడా ఆపదు.

మైదాకు (గోరింటాకు) కంచెకు ఖర్చు తక్కువ, ఆషాఢంలో వాడకట్టు ఆడపిల్లలందరికీ ఆకు దొరుకుతుంది. కానీ దట్టంగా అల్లుకోవడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది, కత్తిరించకపోతే రెండు వైపులా జాగ తింటుంది. ఇద్దరికీ మంచిగా ఉంటేనే ఇది పెట్టుకోవాలి.

కొమ్మల తగాదాకు ఏ కంచే మందు కాదు. మన జాగలోకి వంగిన కొమ్మను హద్దు వరకు కొట్టుకోవచ్చు, వాళ్ల జాగలో అడుగు పెట్టకూడదు. అయినా ముందు, "అన్నా, మీ మునగ కొమ్మలు మా దిక్కు వంగినయ్, గొంగళి పురుగులు రాలుతున్నయ్, కొట్టిస్తరా?" అని అడిగితే చాలాసార్లు వాళ్లే కొట్టిస్తారు.

మాటతో తెగకపోతే సివిల్ దావాకన్నా ముందు లోక్ అదాలత్ చూడండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే తీర్పు వస్తుంది, దానిమీద అప్పీలు లేదు. దావా వేస్తే కోర్టు పంపే కమిషనరు వచ్చి కొలవడానికే నెలలు పట్టవచ్చు, అన్నాళ్లూ పక్కపక్కనే బతకాలి. ఒప్పందం కుదిరితే కడీల వరస ఎక్కడుందో కొలతలతో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, చెరో కాపీ దస్తావేజుల్లో పెట్టుకోండి.