గేట్ తెర కాలిక్యులేటర్: ఏడాదిన్నర రోజూ వాడాక నా మాట

ఉద్యోగం చేస్తూ, ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షకి చదివేవాళ్లు ఏ మెటీరియల్ కొనాలి, ఏ కోచింగ్ మంచిది అని అడుగుతారు. పరీక్షలో తెర మీద వచ్చే కాలిక్యులేటర్ సంగతి మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నాది ఎలక్ట్రికల్. రోజుకు గంటన్నర మించి దొరికేది కాదు. ఆ గంటన్నరలో నేర్చుకున్న సబ్జెక్టు మార్కులుగా మారకుండా ఎక్కువసార్లు ఆగిపోయింది ఈ కాలిక్యులేటర్ దగ్గరే. అందుకే దీని మీద ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట చెయ్యాల్సింది, బీటెక్‌లో వాడిన చేతి కాలిక్యులేటర్‌ని లోపల పెట్టెయ్యడం. అది కాంప్లెక్స్ సంఖ్యలు, మ్యాట్రిక్స్, మూడు సమీకరణాలు అన్నీ చేసిపెడుతుంది. తెర మీదిదానికి ఇవేవీ రావు. నొక్కే వరుస కూడా వేరు: సైన్ 30 కావాలంటే ముందు 30, ఆ తర్వాత సైన్. వర్గమూలం, లాగ్, 1/ఎక్స్ అన్నీ ఇలాగే, అంకె ముందు, పని తర్వాత. పరీక్ష హాల్లో కీబోర్డు పనిచెయ్యదు, ప్రతి అంకె మౌస్‌తోనే నొక్కాలి. నేను తీసుకున్న ఒక టెస్ట్ సిరీస్‌లో కీబోర్డు కూడా పనిచేసేది. దాంతో మూడు నెలలు వేళ్లకు తప్పు అలవాటు పట్టింది. గేట్ వెబ్‌సైట్‌లోని అధికారిక మాక్ టెస్ట్‌లో ఉన్నదానితోనే సాధన చెయ్యండి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ వద్దు, ఒక మామూలు వైర్ మౌస్ పెట్టుకోండి.

ఇక అసలు దెబ్బ. డిగ్రీలు, రేడియన్లు.

పవర్ సిస్టమ్స్‌లో ఈక్వల్ ఏరియా క్రైటీరియన్ తీసుకుందాం, అంటే ఫాల్ట్ వచ్చాక జనరేటర్ నిలదొక్కుకుంటుందా అని చూసే పద్ధతి. ఫాల్ట్ ఉన్నంతసేపు పవర్ సున్నా, తీసేశాక లైన్ మళ్లీ ముందులాగే ఉండే సులువైన కేసు. డెల్టా అంటే జనరేటర్ రోటర్ మొదట ఉన్న కోణం. ఆ రోటర్ ఏ కోణం దాటేలోపు ఫాల్ట్ తీసెయ్యాలో అదే క్రిటికల్ క్లియరింగ్ యాంగిల్. దాని కొసైన్ విలువ = (పై − 2 డెల్టా) × సైన్ డెల్టా − కాస్ డెల్టా. ఒకే ఫార్ములాలో ఒకే డెల్టా రెండు వేషాల్లో వస్తుంది: బ్రాకెట్‌లో తప్పనిసరిగా రేడియన్లు, సైన్, కాస్‌ల దగ్గర కాలిక్యులేటర్ ఏ మోడ్‌లో (డిగ్రీలా, రేడియన్లా) ఉంటే అది. మొదటి డెల్టా 30 డిగ్రీలు అనుకోండి. బ్రాకెట్ విలువ 2.0944, సైన్ 30 అంటే 0.5 కాబట్టి సగం చేస్తే 1.0472, అందులోంచి 0.8660 తీస్తే 0.1812. కాస్ ఇన్‌వర్స్ వేస్తే 79.56 డిగ్రీలు. ఇది సరైన జవాబు.

డెల్టాని ముందే 0.5236 రేడియన్లుగా రాసుకుని, మోడ్ డిగ్రీల్లోనే ఉండగా సైన్, కాస్ నొక్కితే? సైన్ విలువ 0.5కి బదులు 0.0091 వస్తుంది, కాస్ ఒకటికి అంటుకుని ఉంటుంది, చివరికి దాదాపు 169 డిగ్రీలు తేలుతుంది. ప్రమాదం ఎక్కడంటే, అదీ చూడటానికి కోణంలాగే ఉంటుంది. ఎర్రర్ రాదు. ఆప్షన్లున్న ప్రశ్నైతే వాటిలో ఆ సంఖ్య లేకపోవడంతో అనుమానం వస్తుంది, ఆప్షన్లు లేకుండా జవాబు సంఖ్యని మనమే వెయ్యాల్సిన న్యాట్ ప్రశ్నలో ఆ ఆసరా కూడా లేదు. నెగెటివ్ మార్కు లేదన్నది నిజమే, కానీ సబ్జెక్టు పూర్తిగా వచ్చి కూడా రెండు మార్కులు పోతాయి. దీన్ని పట్టుకునే దారి ఒకటుంది: ఈ కేసులో జవాబు 30కి, 150కి మధ్యే ఉండాలి. 169 వచ్చిందంటే మోడ్ వైపు చూడాలి. ఇలాంటి హద్దు ఒకటి ప్రతి ఫార్ములా పక్కన రాసిపెట్టుకోవడం నాకు బాగా పనికొచ్చింది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం: మోడ్‌ని ఎప్పుడూ డిగ్రీల్లోంచి కదపకూడదు. రేడియన్లు కావాల్సిన చోట 0.017453తో గుణిస్తాను. రేడియన్లలో వచ్చినదానికి సైన్ కట్టాలంటే ముందు 57.2958తో గుణించి డిగ్రీలు చేస్తాను. ఒక నొక్కు ఎక్కువే, అయినా అటూ ఇటూ మార్చి మర్చిపోవడం కన్నా నయం.

మార్కులు కారిపోయే రెండో చిల్లు, మధ్యలో రౌండ్ చెయ్యడం. పర్ యూనిట్‌లో (అసలు విలువని ఒక ఆధార విలువతో భాగించి చెప్పే పద్ధతిలో) నో లోడ్ వోల్టేజ్ 1.0487 వచ్చిందనుకోండి. ఫుల్ లోడ్ వోల్టేజ్ 1 అయితే రెగ్యులేషన్, అంటే ఆ రెండింటి తేడా, 4.87 శాతం. స్క్రిబుల్ ప్యాడ్ మీద 1.05 అని రాసుకుంటే అది 5 శాతం అయిపోతుంది. దగ్గరదగ్గర విలువలు తీసివేసే చోటల్లా ఇదే గొడవ. ఎంఎస్ నొక్కి దాచుకోవడం, ఎంఆర్ నొక్కి తెచ్చుకోవడం మొదటి వారంలోనే చేతికి రావాలి.

ఇంత తిట్టుకున్న వస్తువు నాకు చేసిన మేలు ఒకటుంది. కాంప్లెక్స్ సంఖ్యలు చెయ్యదు కాబట్టి, అడిగింది ఏమిటో ముందు చదవడం నేర్పింది. (3 + జె4)ని (1 + జె2)తో భాగించి మాగ్నిట్యూడ్ చెప్పమంటే, చేతి కాలిక్యులేటర్ ఉన్నప్పుడు మొత్తం భాగహారం చేయించేవాణ్ణి. ఇప్పుడు పైన 5, కింద రూట్ 5, జవాబు 2.236. ఒక్క మెట్టు. పవర్ ఫ్యాక్టర్ (కోణం కొసైన్) 0.8 అని చూడగానే ఆ కోణం ట్యాన్ 0.75 అని కాగితం మీదే పడుతుంది. అక్షరాలతో ఉన్నంతసేపు సాగదీసి, అంకెలు చివర్లో ఒక్కసారి వెయ్యడం వల్ల నొక్కులు తగ్గాయి, తప్పులూ తగ్గాయి. ఇది నేను ఊహించని లాభం.

అన్ని ప్రశ్నల్లోనూ ఈ కిటుకు నడవదు. గాస్ సైడల్ లోడ్ ఫ్లోలో (వోల్టేజ్‌ని విడతలవారీగా సరిచేసుకుంటూ పోయే లెక్కలో) ఒక ఇటరేషన్, అంటే ఒక విడత, అడిగితే కాంజుగేట్‌తో గుణించి, రియల్, ఇమాజినరీ విడివిడిగా కట్టాల్సిందే. 180 నిమిషాలు, 65 ప్రశ్నలు అంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు కూడా లేవు. అందుకని అలాంటివి మార్క్ చేసి చివరి రౌండ్‌కి వదిలేస్తాను.

గంటన్నరలో నా లెక్క: మొదటి 20 నిమిషాలు పాత న్యాట్ ప్రశ్నలు నాలుగు, ఒక్కోదానికి మూడు నిమిషాలు, మిగిలినదాంట్లో ఎక్కడ తప్పానో చూడటం. 55 నిమిషాలు ఆ రోజు టాపిక్. చివరి 15 నిమిషాలు నిన్నటి తప్పులు, కాన్సెప్ట్ రాక పోయిందా, నొక్కడంలో పోయిందా అని వేరు చేసి. ఆదివారం మూడు గంటల పూర్తి పేపరు. పాత ప్రశ్నలు చాప్టర్లవారీగా చెయ్యడం గొప్ప పద్ధతి అని చాలామందికి చెప్పాను, ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. చాప్టర్ పేరు పైన ఉంటే ఏ ఫార్ములా వాడాలో అదే చెప్పేస్తుంది. రెండోసారి చేసేటప్పుడు కలిపి చెయ్యాలి.

ఆ 20 నిమిషాలు కూడా అందరికీ అవసరం లేదు. ఇంకా సిలబస్ సగం దాటనివాళ్లు టాపిక్ చదువుకోవడమే మేలు, ఫార్ములా రానిచోట వేగంగా నొక్కి ఏం లాభం. నాకు కూడా నాలుగు నెలల తర్వాత రోజుకు ఐదు నిమిషాలు సరిపోయాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు దీని పని తక్కువ. ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఎంట్రపీ లెక్కలకు బేస్ 2 లాగ్ ఎక్కువగా వాడతారు కాబట్టి, ఆ బటన్‌లో ఏ సంఖ్య ముందు కొట్టాలో 8, 2 వేసి 3 వచ్చేదాకా చూసుకుని, ఆ వరుస నోట్సు మొదటి పేజీలో రాసుకోండి.