తాత దిగిన గని: చిత్తూరు నుంచి కేజీఎఫ్‌కి ఒక రోజు

మా అమ్మ వాళ్ళ నాన్న కేజీఎఫ్‌లో, అంటే కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో పనిచేశాడు. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో మా చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి జనం మూటాముల్లే కట్టుకుని పోయిన ఊరది. మేనమామ అక్కడే పుట్టాడు. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆయన్ని కార్లో ఎక్కించుకుని బయల్దేరాను.

పలమనేరు, వి.కోట మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. టిఫిన్ పలమనేరులోనే కానిచ్చేయండి, తర్వాత చెప్పుకోదగ్గ హోటల్ మాకు తగల్లేదు.

ఊరు దగ్గరపడుతుంటే బూడిద రంగులో గుట్టలు కనిపించాయి. "ఇక్కడ ఇన్ని కొండలున్నాయా మామా?" అన్నాను.

"కొండలేందిరా! మీ తాతోళ్ళు తవ్విన రాయే అదంతా. పిండి కొట్టి, బంగారం తీసుకుని, మిగిలింది ఇక్కడ పోసినారు."

సైనైడ్‌తో బంగారం లాగేశాక మిగిలిన రాతిపిండి గుట్టలన్నమాట, సైనైడ్ దిబ్బలంటే అవే. చెట్టూ చేమా లేకుండా, వాన నీళ్ళు కోసిన చారలతో, అచ్చం ఎడారి ముక్కలా ఉన్నాయి. గాలి లేస్తే కళ్ళనిండా దుమ్మే. అద్దాలు, మాస్కు తెచ్చుకోండి. పిల్లల్ని దిబ్బలెక్కనివ్వొద్దు.

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాకే ఇక్కడ తవ్వకం ఊపందుకుంది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చారు, అప్పటికి బెంగళూరు వీధుల్లోనే కరెంటు దీపాల్లేవు. ఇంగ్లీషు దొరల బంగళాలు ఒక పక్క, కూలీల లైన్ ఇళ్ళు ఇంకో పక్క. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకి దిగింది. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేదట. లోపల బండ పగిలితే లైన్ ఇంట్లో గిన్నెలు గలగలమనేవని, ఆ చప్పుడుకి అమ్మమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వీధిలోకి పరిగెత్తేదని మామ చెప్పాడు. ఎవరింటి మనిషో తెలిసేదాకా ఆ వీధిలో ఎవరూ అన్నం ముట్టేవాళ్ళు కాదట.

లోతుకి పోయేకొద్దీ ఖర్చు పెరిగింది, బంగారం తగ్గింది. 2001 ఫిబ్రవరి 28న, అప్పటికి గనులు నడుపుతున్న ప్రభుత్వ కంపెనీ భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది.

సినిమా చూసి సొరంగాల్లో తిరగొచ్చని వస్తే మాత్రం నిరాశే. గనిలోకి దిగే నిలువు బావుల్లాంటి షాఫ్టుల దగ్గరికి పోనివ్వరు. వాటి మీది తుప్పుపట్టిన ఇనుప గోపురాలను గేటు బయటి నుంచి చూడాల్సిందే. వివరించే గైడు గానీ, బోర్డు గానీ మాకు కనబడలేదు. మామ లేకపోతే అరగంటలో వెనక్కి తిరిగేవాణ్ణి.

రాత్రి కేజీఎఫ్‌లోనే ఉన్న రాబర్ట్‌సన్‌పేటలో ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్ళు ఉన్నాయన్నారు, పొద్దున అడిగితే మోటార్ కాలిందన్నారు. దుప్పటి సంగతి అడక్కండి. కింద మెస్‌లో ఇడ్లీ, వడకర్రీ మాత్రం రెండోసారి అడిగి మరీ తిన్నాం. ఈసారి వస్తే కుప్పంలో బస చేసి, బంగారపేటలో కేజీఎఫ్ మీదుగా పోయే మారికుప్పం రైలెక్కుతాను. కోరమాండల్, ఊరుగాం, చాంపియన్, అన్నీ గనుల పేర్లు పెట్టుకున్న స్టేషన్లే.

తిరుగు దారి కుప్పం వైపు పెట్టుకున్నాం. మన జిల్లాలోనే గుడుపల్లె మండలంలో చిగురుగుంట గని ఉంది, అదీ 2001లోనే ఆగిపోయింది. దిగి చూద్దామా అన్నాను. మామ అద్దం పైకెత్తుకుంటూ, "ఒక రోజుకి ఒకటి చాల్లేరా" అన్నాడు.