సొంత సర్వర్‌లోని పాటలకు డెస్క్‌టాప్ యాప్: నేను సూపర్‌సోనిక్ వైపు ఎందుకు మొగ్గాను

నా పాటలన్నీ నావిడ్రోమ్ (సొంత పాటలను నెట్‌వర్క్ ద్వారా వినిపించే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో ఉన్నాయి. అది సబ్‌సోనిక్ ఏపీఐని, అంటే పాటల సర్వర్లూ యాప్‌లూ మాట్లాడుకునే ఒక ఉమ్మడి పద్ధతిని, పాటిస్తుంది కాబట్టి, ఆ ఏపీఐ తెలిసిన ఏ యాప్‌తోనైనా వాటిని వినవచ్చు. ఒక్క ఫైలును కూడా కదపకుండా యాప్‌ను మార్చుకోగలగడం సొంత సర్వర్ ఇచ్చే పెద్ద సౌలభ్యం. ఆ సౌలభ్యం వల్లనే ఫెయిషిన్, సూపర్‌సోనిక్ అనే రెండు యాప్‌లను పక్కపక్కన పెట్టుకుని కొన్ని వారాలపాటు విన్నాను.

రెండూ ఉచితం, రెండూ ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ మాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తాయి. చూపుకు ఫెయిషిన్‌దే పైచేయి. అయితే అది ఎలక్ట్రాన్ (వెబ్ సాంకేతికతతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే సాధనం) పై కట్టినది కనుక తనతోపాటు ఒక క్రోమియం బ్రౌజర్‌ను మోసుకొస్తుంది. గో భాషలో రాసిన సూపర్‌సోనిక్‌కు ఆ బరువు లేదు. దాని రూపం సాదాగా ఉంటుంది గాని, ఆల్బమ్‌ల వరుస కళ్లకు హాయిగానే ఉంటుంది.

నా దృష్టిలో అసలు పరీక్ష ఒక పాట ముగిసి మరొకటి మొదలయ్యే ఆ క్షణంలో ఉంది. ఇంతకుముందు వాడిన ఒక యాప్‌లో, సభలో రికార్డు చేసిన కచేరీ వింటుంటే, శ్రోతల చప్పట్లు ఒక ట్రాకు చివర ఠక్కున తెగిపోయి, అర క్షణం నిశ్శబ్దం తరువాత మళ్లీ మొదలయ్యేవి. ఫైళ్లలో ఏ లోపమూ లేదు. తరువాతి ట్రాకును ముందుగానే సిద్ధం చేసుకోకపోతే ఎంత మంచి ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన) ఫైలైనా అలాగే వినిపిస్తుంది. ఎంపీవీ అనే ప్లేయర్ ఇంజన్‌పై నడిచే సూపర్‌సోనిక్‌లో అదే కచేరీ ఎక్కడా అతుకు తెలియకుండా సాగింది. ఎంతో ఆనందం కలిగింది.

పాటల ధ్వని స్థాయిని సరిచేసే రీప్లేగెయిన్ విషయంలోనూ సూపర్‌సోనిక్ నాకు నచ్చింది. ఆల్బమ్ పద్ధతిని ఎంచుకుంటే, మెల్లగా పాడిన పాట మెల్లగానే ఉంటూ, వేర్వేరు ఆల్బమ్‌ల మధ్య మాత్రమే ధ్వని స్థాయి సమానమవుతుంది. ఇందుకు ఫైళ్ల ట్యాగులలో ఆ విలువలను ముందే రాసి ఉంచుకోవాలి.

నాణ్యత గురించి ఒక మాట. సీడీ నుంచి తీసిన ఫ్లాక్, కుదించక ముందు 1411 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఉండే ధ్వనిని ఏమీ పోగొట్టకుండా చిన్నది చేస్తుంది. ఇంటి నెట్‌వర్క్‌కు అది భారమే కాదు కనుక, డెస్క్‌టాప్‌లో ట్రాన్స్‌కోడింగ్ (వేరే ఫార్మాట్‌లోకి మార్చడం) లేకుండా అసలు ఫైలునే వినండి.

రూపం కోసం ఫెయిషిన్‌నే ఎంచుకునేవారు మాత్రం సెట్టింగులలో వెబ్ ప్లేయర్‌కు బదులు ఎంపీవీని పెట్టుకుని, మీ దగ్గరున్న ఏదైనా కచేరీ ఆల్బమ్‌తో ఆ చప్పట్లను ఒకసారి విని చూడండి.