ప్రాస్పర్, లెండింగ్‌క్లబ్: ఏది పెద్దది, ఏది వేగంగా పెరిగింది?

అమెరికాలో ముక్కూమొహం తెలియనివాళ్లకు ఆన్‌లైన్‌లో మామూలు జనమే వడ్డీకి అప్పిచ్చే పద్ధతికి 2006లో బోణీ చేసింది ప్రాస్పర్ అనే కంపెనీ. దాని పోటీ కంపెనీ లెండింగ్‌క్లబ్ ఏడాది ఆలస్యంగా వచ్చింది. అయినా ఇచ్చిన అప్పులు మొత్తం 100 కోట్ల డాలర్లు దాటడంలో వెనక వచ్చినదే ముందుంది, 2012లో. ప్రాస్పర్‌కు 2014 దాకా పట్టింది.

కారణం వడ్డీ దగ్గరే ఉందని నా నమ్మకం. ప్రాస్పర్ మొదట్లో వేలంపాట పెట్టింది. ఎవరు తక్కువ వడ్డీకి ఇస్తామంటే వాళ్లదే పాట. పాడేవాళ్లలో చాలామందికి రిస్కు అంచనా తెలియదు, తొలి అప్పుల్లో మొండి బాకీలు బాగా పేరుకున్నాయి. లెండింగ్‌క్లబ్ మాత్రం అప్పు అడిగినవాళ్ల రిస్కును లెక్కగట్టి గ్రేడు ఇచ్చి, దాన్నిబట్టి వడ్డీ తనే ఖాయం చేసింది. 2010 చివర్లో ప్రాస్పర్ కూడా ఆ దారికే వచ్చింది. రెండిట్లోనూ ఒక అప్పులో కనీసం 25 డాలర్లు పెడితే సరిపోయేది. అంటే ఒక 10,000 డాలర్ల అప్పును 400 మంది కలిసి ఇవ్వగలిగేవాళ్లు.

2015లో లెండింగ్‌క్లబ్ సుమారు 840 కోట్ల డాలర్ల అప్పులిప్పించింది, ప్రాస్పర్ 370 కోట్లు. సైజులో పోటీయే లేదు. కానీ ముందటేడుతో పోలిస్తే ప్రాస్పర్ రెట్టింపు దాటింది, లెండింగ్‌క్లబ్ రెట్టింపుకు కాస్త తగ్గింది. చిన్న అంకె మీద శాతం ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది, అందుకే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంకో మెలిక, మొదటి రోజు నుంచి ఇచ్చిన మొత్తం వేరు, ఇంకా వసూలు కావాల్సింది వేరు. ప్రకటనల్లో కనిపించేది ఎక్కువగా మొదటిదే.

2020 చివర్లో లెండింగ్‌క్లబ్ మామూలు మదుపరులకు తలుపు మూసేసింది, 2021లో రేడియస్ బ్యాంకును కొని తనే బ్యాంకయింది. ప్రాస్పర్ మాత్రం ఆ తర్వాత కూడా వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటూనే ఉంది.